ఆపద్బాంధవుల అంతర్గాయములు

2023 జూను 2వ తేది సాయంకాలమున ఒడిషా రాష్ట్రము బాలాసోరు జిల్లాలోని బాహానగా బజారు స్టేషనువద్ద కోరమాండలు ఎక్స్‌ప్రెస్సు నిలిచియున్న గూడ్సుబండిని ఢీకొనుటయు, చెదరిపడిన దాని పెట్టెలు ఎదురుదారిని పోవుచున్న బెంగుళూరు-హౌరా బండిని తాకుటయు పాఠకులు మరచియుండరు. ఆ రెండు ప్రయాణికుల బండ్లును మన ఆంధ్రదేశముగుండ రాకపోకలు సలుపునవే. ఆ ఘోరమున 290 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళమునకు చేరిన తొమ్మిది జట్లు అచ్చటికి పోయి, నుగ్గయిన ఇనుమును కోసి, 44 మందిని సజీవులుగ వెలికితీసినవి. 121 శవములను బయటికి తెచ్చినవి. అటుపిమ్మట నాలుగు దినములకు ఆ దళాధిపతియగు అతుల్ కర్వాలుగారు ఢిల్లీయందొక సభలో మాటలాడుచు రెండు సంగతులను వెల్లడించిరి. ఆ జట్లలో నొకనికి నీరు కంటబడినప్పుడెల్ల అది నెత్తురుగ తోచుచున్నదట. వేరొకనికి ఆకలి నశించి అన్నము నోటికి పోవుటలేదట.

దుర్ఘటన గూర్చి ఆ దినములలో పత్రికలు పుటలకొలది వ్రాసినవి. సిగ్నలు లోపమెవరిది, పరిహారమెంత, మంత్రి రాజీనామా ఇయ్యవలెనా అను చర్చలు సాగినవి. ఈ రెండు వాక్యములు మాత్రము ఒక్కనాటి వార్తయై మరుగునపడినవి. మా దృష్టిలో నివి పెక్కు నివేదికలకన్న విలువగలవి. ఆ యిరువురును పిరికివారు కారు. ఎన్నికచేసి, దేహదార్ఢ్యము పరీక్షించి, శిక్షణమిచ్చి పంపబడినవారు. అట్టివారి మనస్సుకూడ గాయపడునని వారి అధిపతియే సభాముఖమున చెప్పుట మన దేశములో అరుదు. తిరిగి వచ్చిన జట్లకు మనోవైద్యుల సలహా నేర్పాటు చేసితిమని కూడ వారు చెప్పిరి. ఇది శ్లాఘనీయము. కాని మేమడుగు ప్రశ్న వేరు. నిత్యము నెత్తురును చూచుచు, తమ పక్షమున నొక్కమాట పలుకు అధిపతి లేని సహస్రావధి సేవకుల గతి యేమి?

వారెవరో వేరుగ చెప్పనక్కరలేదు. గడ్డివాము తగులబడినప్పుడు గంట వాయించుకొనుచు వచ్చు ఫైరింజనుమీది వారు, జాతీయ రహదారిపై లారీక్రింద నలిగిన బండిని మొట్టమొదట సమీపించు పోలీసు జవానులు, శవపరీక్షాగారములలో పని చేయు సహాయకులు, కాలువలోను బావిలోను తేలిన దేహమును ఒడ్డునకు చేర్చు ఈతగాండ్రు వీరే. 2005 ఆగస్టు 15వ తేదిన హైదరాబాదునందు ఆరంభమై పిమ్మట పెక్కు రాష్ట్రములకు వ్యాపించిన 108 సేవ మన తెలుగుగడ్డపై పుట్టినదే. ఆ బండి నడుపు పైలట్టును, రోగి ప్రక్కన కూర్చుండు ఈ.ఎం.టి.యు పురుగులమందు త్రాగిన రైతును, కాన్పు కష్టమైన యిల్లాలిని, పాముకాటునకు గురియైన బిడ్డను దినదినమును మోయుచున్నారు. టెలిఫోనువద్ద కూర్చుండి ఆర్తనాదములను వినువారు కంటితో చూడకపోయినను చెవితో అంతయు అనుభవించుచున్నారు. బాహానగా వంటి ప్రళయము ఎప్పుడో యొకప్పుడు వచ్చును. వీరికది చిన్నచిన్న ముక్కలుగ ప్రతిదినము వచ్చుచున్నది.

ఈ గాయము స్వరూపమెట్టిది? సామాన్యముగ జరిగిపోయిన సంగతి మనస్సులో గతముగ పేరుకొనును; తలచుకొన్నచో బాధ కలుగును గాని అది ఇప్పుడు జరుగుచున్నదని భ్రమ కలుగదు. భయంకర దృశ్యము పదేపదే తాకినప్పుడు ఈ క్రమము చెడును. కాలిన వాసన, పసిబిడ్డ యేడ్పు, బ్రేకు చప్పుడు, ఏదో యొక ఆనవాలు తగిలినంతనే దేహము ఆ క్షణమున నున్నట్లే ఉలికిపడును, గుండె దడదడలాడును, నిద్రలో ఆ దృశ్యమే మరల నడచును. రోగి ఆ చోటులను, ఆ మాటలను తప్పించుకొని తిరుగును, ఇంటివారిపై విసుగుకొనును, తుదకు దేనియందును రుచి లేనివాడగును. అమెరికా మనోవైద్యుల సంఘము 1980లో దీనికి ప్రత్యేకవ్యాధిగ స్థానమిచ్చినది, పి.టి.ఎస్.డి. యని దాని పేరు. అదే సంఘము 2013లో తన గ్రంథమును సవరించుచు, వృత్తిరీత్యా ఇట్టి ఘోరములను మరలమరల ఎదుర్కొనుటయు ఈ వ్యాధికి హేతువేయని చేర్చి, మృతుల అవశేషములను ప్రోగుచేయు సేవకులనే దానికి ఉదాహరణముగ చూపినది. అనగా వైద్యశాస్త్రము ఈ సంగతిని శంక లేకుండ అంగీకరించినది. అంగీకరింపవలసినవారు మనమే.

ఇక మద్యము ఈ కథలో ఎచ్చట ప్రవేశించును? నిద్రవద్ద ప్రవేశించును. కన్ను మూసిన దృశ్యము వచ్చుచున్నవానికి రెండు గ్లాసులు మొదటిరాత్రి నిజముగనే ఉపకారము చేయును, కలలు కనబడవు. కాని మత్తు దిగిన తెల్లవారుజామున కలలు రెట్టింపు బలముతో వచ్చును. మరునాటి రాత్రి రెండు గ్లాసులు చాలవు. దేహము అలవాటుపడిన కొలది మోతాదు హెచ్చును. మోతాదు హెచ్చిన కొలది నిద్ర చెడును. నిద్ర చెడిన కొలది మనోగాయము మానక పచ్చిగ నుండును. ఇట్లు గాయము త్రాగుడును, త్రాగుడు గాయమును పెంచుచు విషవలయమేర్పడును. ఇతడు సుఖమునకై త్రాగువాడు కాడు. తెలియని వైద్యుడు తనకు తాను చేసికొనుచున్న చికిత్స యిది.

ఆ చికిత్సను అతనికి నేర్పినదెవరు? ఇచ్చట మేము పాఠకులకు అప్రియమైన మాట చెప్పవలసియున్నది. బావిలో శవము తేలినప్పుడు దానిని తీయువానిని పిలిచి, దిగుటకు ముందే సీసాకు డబ్బు చేతిలో పెట్టుట మన గ్రామములలో ఎరుగనివారు లేరు. పని ముగిసిన పిమ్మట మరికొంత ఇత్తుము. అతడు మత్తులో లేకున్న ఆ పని చేయజాలడని మనకు తెలియును. అనగా ఆ పని మనుష్యుని మనస్సునకు దుస్సహమని మనకు ముందే తెలియును. తెలిసియే మందునకు బదులు మద్యమిచ్చుచున్నాము. ఇది మన పల్లెలకే పరిమితము కాదు. మొదటి ప్రపంచయుద్ధమున కందకములలోని సిపాయిలకు బ్రిటిషు సైన్యము రమ్ము పంచిపెట్టెను. వారి నౌకాదళములో దినవారీ రమ్ము పంపకము 1970 జూలై 31వ తేది వరకు సాగెను. ఇచ్చునప్పుడది ధైర్యము. అలవాటైన పిమ్మట అది దుర్గుణము. ఇచ్చినచేయి అదేయైనను నిందించు నోరునదే.

మనోగాయమును దుర్గుణముగ నెంచి దండించిన దేశములు పిమ్మట లజ్జితములైనవి. అదే మొదటి యుద్ధమున, 1915నాటికే గుండ్లదెబ్బ తగులకున్నను మాటపడిపోయి, వణకుచు, చూపుతప్పిన సిపాయిలను గూర్చి చార్లెస్ మైయర్సు అను వైద్యుడు వైద్యపత్రికలో వ్రాసియుండెను. అయినను పిరికితనము, పారిపోవుట మున్నగు నేరములు మోపి తమ సిపాయిలను తామే కాల్చిచంపిరి. అట్లు మృతిచెందినవారిలో 306 మందికి బ్రిటిషు పార్లమెంటు 2006లో క్షమాపణ ప్రసాదించెను. తొంబది సంవత్సరములు గడచిన పిమ్మట వచ్చిన క్షమాపణ చచ్చినవారికి పనికిరాదు. బ్రతికియున్నవారికి గుణపాఠము కావలెను. నేడెవ్వరును కాల్చుటలేదు. సస్పెండు చేయుచున్నాము, కంట్రాక్టు పొడిగింపక విడిచిపెట్టుచున్నాము, త్రాగుబోతని ముద్రవేయుచున్నాము. ఏరు దాటి తెప్ప తగులబెట్టుటయన ఇదియే.

అన్యదేశములు ఈ విషయమున నేమి చేసినవో తెలిసికొనుట అవసరము. 2001 సెప్టెంబరు 11వ తేదిన న్యూయార్కు నగరమున జంటసౌధములు కూలినప్పుడు ఆ నగర అగ్నిమాపకశాఖ ఒక్కదినమున 343 మందిని కోల్పోయెను. బ్రతికినవారు నెలలకొలది ఆ బూడిదలో తమ సహచరుల దేహశకలములకై వెదకిరి. ఊపిరితిత్తుల జబ్బులు పైకి కనబడినవి; మనోవ్యాధులు లోలోపల ముదిరినవి. సుదీర్ఘ పోరాటానంతరము 2011 జనవరిలో ఆ దేశాధ్యక్షుడు సంతకము చేసిన జాడ్రోగా చట్టము ఆ సేవకుల చికిత్సాభారమును ప్రభుత్వముపై మోపినది. ఆ చట్టమునందలి వ్యాధుల పట్టికలో ఉబ్బసముతోడను కాసముతోడను పి.టి.ఎస్.డి. చేరినది, దానితోపాటు మత్తుపదార్థముల వ్యసనమును చేరినది. పాఠకులీ సంగతిని గమనింపవలెను. వ్యసనము వానివాని ఖర్మమని తోసివేయక, కూలిన కట్టడము చేసిన గాయములలో నదియు నొకటియని ఒక దేశము తన ధర్మశాసనమున వ్రాసికొనినది.

రెండవ ఉదాహరణము ఉద్యోగుల సంఘము తానై చేసికొనినది. 1918లో స్థాపితమైన అమెరికా, కెనడా అగ్నిమాపకుల సంఘము 2017 మార్చిలో మేరీలాండు రాష్ట్రమునందలి అప్పర్ మార్ల్‌బరో అను ఊరిలో తన సభ్యులకు మాత్రమే ప్రత్యేకించిన చికిత్సాకేంద్రమును తెరపించినది. మద్యవ్యసనమును, మనోఘాతమును ఒకేచోట, ఒకే కాలమున చికిత్స చేయుట దాని ఉద్దేశము. ఇట్టి కేంద్రమేల కావలసివచ్చెనో ఆ మరుసటి సంవత్సరము రూడర్మన్ ధర్మసంస్థ ప్రకటించిన లెక్కలు తెలుపుచున్నవి. 2017లో ఆ దేశమున విధినిర్వహణలో మరణించిన అగ్నిమాపకులు 93 మంది. ఆత్మహత్య చేసికొన్నవారు కనీసము 103 మంది. పోలీసులలో విధినిర్వహణలో 129 మంది, ఆత్మహత్యవలన 140 మంది. మంటకన్నను, తుపాకికన్నను, తమ మనస్సే వారి కెక్కువ ప్రాణాంతకమైనది.

సామాన్యుల ఆసుపత్రి యుండగ వీరికి వేరుకేంద్రమేలయని కొందరడుగవచ్చును. రక్షకుని వృత్తి యతనికి నేర్పిన మొదటి పాఠము, ఎదుటివారు విలపించుచుండ తాను నిబ్బరముగ నుండవలెననునది. అట్టివాడు పరుల యెదుట నోరువిప్పడు. తన మాట వినువారు దడుసుకొందురేమోయని వారినే కాపాడ జూచును. అదే ధూళిలో నడచినవాని యెదుట మాత్రము మాట పెగలును. మన పూర్వులకిది తెలియని సంగతి కాదు. కురుక్షేత్రానంతరము ధర్మరాజు శోకమున మునిగి రాజ్యమొల్లననెను. భీమార్జునులు దెప్పిరి, ద్రౌపది నిష్ఠురమాడెను, ఆ మాటలవలన అతని మనస్సు కుదుటపడలేదు. తుదకు కృష్ణుడు అతనిని కొనిపోయినది అంపశయ్యపైనున్న భీష్మునియొద్దకు. యుద్ధమెరిగినవాడు, ఒడలెల్ల గాయములైనవాడు చెప్పినమాట అతని మనస్సున కెక్కినది. శాంతిపర్వమున రాజధర్మము కలదని అందరును చదువుదురు. గాయపడిన విజేతను సంఘము చుట్టుముట్టి నిలువబెట్టిన కథయు నందే కలదు.

అయితే చికిత్సయను పేరుతో జరుగునదంతయు చికిత్స కాదు. దుర్ఘటన జరిగిన రెండుమూడు దినములలో అందరిని ఒక గదిలో కూర్చుండబెట్టి, చూచినదంతయు వర్ణింపజేసి పంపివేయు పద్ధతి 1980 దశాబ్దము నుండి పెక్కుదేశముల వ్యాపించినది. ఒక్క కూర్పుతో ముగియు ఇట్టి సమావేశములు వ్యాధిని నివారింపజాలవనియు, కొందరికి కీడుకూడ చేయవచ్చుననియు 2002లో కాక్రేను సంస్థ పరిశోధనలన్నిటిని సమీక్షించి తేల్చినది. ఇంగ్లండునందలి వైద్యప్రమాణ సంస్థయు ఆ పద్ధతి వలదనుచున్నది. మొదటి దినములలో కావలసినది విశ్రాంతి, నిద్ర, సహచరుల సాంగత్యము, కొన్నివారములపాటు శ్రద్ధగల పరిశీలనము. వ్యాధి నిలిచినచో శిక్షితుడైన వైద్యుని యొద్ద పదేపదే కూర్చుండి, ఆ జ్ఞాపకమును భద్రస్థలమున కొంచెము కొంచెముగ ఎదుర్కొని, అది గతమని మనస్సునకు నేర్పవలెను. ఉపన్యాసకుని పిలిపించి, ధైర్యముగ నుండుడని గంటసేపు చెప్పించి, ఫొటో తీయించుకొని, కార్యక్రమము జయప్రదమైనదని వ్రాసికొనుట వట్టి తంతు.

మొదట త్రాగుడు మాని రమ్ము, పిమ్మట మనస్సును చూతుమనుటయు పొరపాటే. గాయము సలుపుచున్నంతవరకు మందు మానలేడు. మందు మానక గాయము మానదు. కనుక రెంటికిని ఒకేసారి వైద్యము జరుగవలెను. దీర్ఘకాలముగ త్రాగువానిచే ఒక్కసారిగ ఇంట మాన్పించుట ప్రమాదకరము; మూర్ఛలును, సంధివంటి మతిభ్రమయు వచ్చి ప్రాణముపోవచ్చును. వైద్యుని పర్యవేక్షణమున మొదటి దినములు గడువవలెను. ఒట్టు వేయించి, తాయెత్తు కట్టించి, గదిలో తాళమువేయు బంధువులు ఈ సంగతి నెరిగియుండవలెను. మాని కొన్నినెలలకు మరల త్రాగినచో అది విశ్వాసఘాతుకము కాదు. మధుమేహము కలవానికి చక్కెర మరల హెచ్చినచో వైద్యుడు మందు సవరించును గాని రోగిని తరిమివేయడు.

వైద్యము దొరకినను ఉద్యోగము పోవునన్న భయమున్నచో ఎవ్వడును వైద్యునికడకు పోడు. ఈ చిక్కుముడి విప్పుటకు కెనడా దేశమునందలి ఒంటారియో రాష్ట్రము 2016 ఏప్రిలులో నొక చట్టము చేసినది. పోలీసులు, అగ్నిమాపకులు, అంబులెన్సు సేవకులు, టెలిఫోనువద్ద కబురందుకొనువారు మున్నగువారిలో ఎవరికైన పి.టి.ఎస్.డి. కలదని మనోవైద్యుడు నిర్ణయించినచో, అది ఉద్యోగమువలన వచ్చినదనియే ప్రభుత్వము భావించును. అట్లు కాదని నిరూపింపవలసిన భారము ఎదుటిపక్షముపై నుండును. దొంగరోగులు బయలుదేరుదురను శంకకు వైద్యుని నిర్ణయమే సమాధానము. అంతర్జాతీయ కార్మికసంస్థ 2010లో సవరించిన వృత్తివ్యాధుల జాబితాలో పి.టి.ఎస్.డి.ని చేర్చియేయున్నది.

మన చట్టములు చూతము. 1923 నాటి పరిహారచట్టమునకు బదులుగ 2020లో సాంఘిక భద్రతా స్మృతి వచ్చినది. అది 2025 నవంబరు 21వ తేది నుండి అమలులోనికి వచ్చినది. దాని వృత్తివ్యాధుల పట్టికలో సీసము, పాదరసము మున్నగు విషములవలన కలుగు జబ్బులును, ధూళివలన ఊపిరితిత్తులకు కలుగు జబ్బులును కలవు. మనోఘాతమునకు అందు స్థానము లేదు. మద్యము మాత్రము రెండు చట్టములకును పరిచితమే: ప్రమాదసమయమున ఉద్యోగి మత్తులోనుండి గాయపడినచో, మరణమో శాశ్వత సంపూర్ణ వైకల్యమో సంభవించిననే తప్ప, పరిహారమీయనక్కరలేదని అవి చెప్పుచున్నవి. త్రాగుడు గాయమునకు కారణము కాగలదని మన చట్టమెరుగును. గాయము త్రాగుడునకు కారణము కాగలదని యెరుగదు. ఈ ఒంటికన్ను చూపును సరిదిద్దుట శాసనసభ్యుల విధి.

నిరాశకు కారణము లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యమువలనను, మత్తుమందులవలనను కలుగు మానసికస్థితులను మనోవ్యాధులలో చేర్చినది. రోగి సంగతులను రహస్యముగ నుంచవలెనని శాసించినది. దేహవ్యాధులతో సమానముగ బీమా కల్పింపవలెనన్నది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర రిజర్వు పోలీసుదళ ఉద్యోగి యొకని వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, మానసిక వైకల్యము కలవానిపై క్రమశిక్షణచర్య ప్రారంభించుటయే పరోక్షవివక్షయని నిర్ణయించినది. తలుపు తెరచియే యున్నది. లోనికి పోవలసినవారు శాఖాధికారులును, కంట్రాక్టుదారులును.

ఇచ్చట న్యాయమైన ఆక్షేపణ యొకటి కలదు. త్రాగిన పైలట్టు నడుపు బండిలో మన బిడ్డను ఎక్కింతుమా? ఎక్కింపము, ఎక్కింపరాదు. త్రాగినవానిని ఆ క్షణముననే చక్రమునుండి తప్పింపవలెను. కాని చక్రమునుండి తప్పించుట వేరు, జీవనమునుండి తప్పించుట వేరు. ఉద్యోగము పోవునను భయమున్నచోట త్రాగుబోతులు తగ్గరు, దాచుకొనువారు హెచ్చుదురు. దాచుకొన్నవాడే రోగికి నిజమైన అపాయము. ఆకాశయానముకన్న అప్రమత్తత అవసరమైన వృత్తి వేరొండు లేదు. ఆ వృత్తిలోనే అమెరికా విమానచోదకుల సంఘమును, విమానకంపెనీలును, ప్రభుత్వశాఖయు కలసి 1970 దశాబ్దమున నొక యేర్పాటు చేసికొనినవి. వ్యసనపడిన చోదకుని నేలపై నిలిపి, చికిత్స చేయించి, చిరకాలము పరీక్షించుచు, తగినవాడని తేలిన పిమ్మట మరల విమానమును అప్పగించుచున్నారు. మన పొరుగున కర్ణాటక రాష్ట్రమున రోడ్డురవాణాసంస్థయు, బెంగుళూరు నిమ్హాన్సు వైద్యులును కలసి మద్యవ్యసనముగల బస్సు ఉద్యోగులకు చికిత్సామార్గమును చూపిరి. ఆకాశమునను, బస్సులోను సాధ్యమైనది అంబులెన్సులో ఏల సాధ్యము కాదు?

మద్యశాలలు మూసినచో సర్వము చక్కబడునని కొందరందురు. 1991-92లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు రేపిన సారావ్యతిరేకోద్యమము ఈ దేశమున కీర్తనీయమైనది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము దాని ఫలమే. ఆ నిషేధము 1997లో సడలెను. దుకాణము మూయుట కొత్తవారిని కాపాడును. అప్పటికే దేహమున విషము నిండినవానికి దుకాణముతోపాటు ఆసుపత్రియు కావలెను. 2019లో కేంద్రప్రభుత్వపక్షమున ఎయిమ్సు వైద్యులు ప్రకటించిన నివేదిక ప్రకారము, మన దేశమున మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కడు మాత్రమే ఏదేని సహాయము పొందుచున్నాడు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందువాడు 180 మందికి ఒక్కడు. నిషేధమును కోరువారును, వలదనువారును ఈ రెండు అంకెలయెదుట సమానముగ తలవంచవలసినవారే.

కనుక మేము కోరునది దాక్షిణ్యము కాదు, న్యాయము. మొదటిది: మనోఘాతమును వృత్తివ్యాధుల పట్టికలో చేర్చి, దానివలన కలిగిన వ్యసనమును ఆ గాయములో భాగముగ పరిగణింపవలెను. రెండవది: 108, అగ్నిమాపక, పోలీసు, శవపరీక్షా సిబ్బందికి జిల్లాకొక చోటనైన, పై అధికారికి తెలియనక్కరలేకయే పోదగిన చికిత్సాస్థానము కావలెను, అందు మనోవైద్యునితోపాటు కోలుకొన్న సహచరుడు నుండవలెను. మూడవది: తానై వచ్చి చికిత్స కోరినవాని ఉద్యోగమునకు వ్రాతపూర్వకమైన అభయమీయవలెను. 108 ఉద్యోగులలో పెక్కండ్రు ప్రభుత్వ ఉద్యోగులు కారు. ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొనిన సంస్థల జీతగాండ్రు. ఒడంబడిక మారినప్పుడెల్ల యజమాని మారును. ఈ అభయము ఒడంబడికలోనే వ్రాయబడనిచో అది నీటిమీది వ్రాతయగును. నాలుగవది: ఘోరమును చూచిన దినమున విశ్రాంతి హక్కు కావలెను. శవమును దించి, బండి కడిగి, తక్షణమే మరియొక పిలుపునకు పరుగెత్తుమనుట యంత్రమునకు కూడ మితిమీరిన పని.

పట్టణసంఘములలోను, జిల్లాపరిషత్తులలోను, గ్రామములలోను మాట చెల్లుబడిగల పాఠకులు మాకెందరో కలరు. వారొక్క ఆచారమును తమంతట తాము మాన్పవచ్చును. శవము తీయ వచ్చినవానికి సీసా డబ్బులు ఈయవలదు. చేతి తొడుగులు, సబ్బునీరు, శుభ్రమైన బట్ట, వేడి అన్నము, సరియైన కూలి ఇయ్యుడు. మరునాడు అతని యింటికి మనుష్యుని పంపి నిద్రపట్టినదా యని అడిగింపుడు. నిద్ర లేదన్నచో, 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి-మానస్ సేవకు 14416 అను నంబరున తెలుగులోనే మాటలాడవచ్చునని చెప్పుడు. దీనికి శాసనము అక్కరలేదు, బడ్జెటు అక్కరలేదు. శాసనము చేయవలసినవారిని అడుగుటకు కూడ, ఇంటివద్ద ఈమాత్రము చేసినవారికే అధికారముండును.